తాళాల మాస్టారి డివిడెండు

ఆ రోజు పొద్దున్న తాళాల మాస్టారి కార్యక్రమం చాలా సులువైనది. తొమ్మిదింటికి స్నానం, పదింటికి ఇస్త్రీ బట్టలు, పదకొండింటికి చిన్న గదిలో కూర్చుని ఫోనులో తాళాల కంపెనీ వార్షిక సమావేశానికి హాజరవడం, వంతు వచ్చినప్పుడు మూడు నిమిషాలు మాట్లాడటం, ఒంటిగంటకు భోజనం. ఇందులో ఎక్కడా వడ్రంగి లేడు.

ఆయన అసలు డ్రాయింగు మాస్టారు. ముప్పై నాలుగేళ్లపాటు పిల్లల చేత కూజాలూ అరటిపళ్లూ గీయించి రిటైరయ్యారు. తాళాల మాస్టారన్నది వీధిలోవాళ్లు పెట్టిన పేరు. పద్దెనిమిదేళ్ల క్రితం ఎవరో చెబితే ఒక తాళాల కంపెనీ షేర్లు కొన్నారు. ఆ కంపెనీ పెద్దగా పెరిగిందీ లేదు, పడిపోయిందీ లేదు. లాభంలో వాటాదారుల భాగం, అదే డివిడెండు, ఏటా ఠంచనుగా ఇచ్చేది. ఆ డబ్బుతో మాస్టారు మళ్లీ అవే షేర్లు కొనేవారు. మరుసటేడు వాటిమీద కూడా డివిడెండు వచ్చేది. దానితో మళ్లీ షేర్లు. ఏ ఏడు ఎంత వచ్చిందో రంగు పెన్సిళ్లతో చార్టు గీసి చిన్న గది గోడకు అంటించారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ దాన్ని చూపించి, "షేరు అమ్ముకోవడానికి కాదండీ, అట్టే పెట్టుకోవడానికి. ముసలితనంలో మనల్ని చూసుకునేది అదే" అని చెప్పేవారు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. వాటా ఉన్నాక కంపెనీ బాగోగులు చూసుకోవడం కూడా తన పనే అని ఆయన గట్టి నమ్మకం. మూడు నెలలకోసారి వచ్చే లెక్కల్లో అమ్మకాలు మందగించాయని కనబడితే చాలు, సంచీ పట్టుకుని బజారుకు వెళ్లి ఒక తాళం కొనుక్కొచ్చేవారు. అలా ఇంట్లో పందొమ్మిది తాళాలు చేరాయి. వంటింటి అలమరకు తాళం, పాత పేపర్ల పెట్టెకు తాళం, పెరట్లో నీళ్ల గొట్టం చుట్టిపెట్టే డబ్బాకు కూడా తాళం. ఆ గొట్టాన్ని ఎత్తుకుపోయే దొంగ ఇంకా పుట్టలేదని భార్య చెప్పి చూసింది. పుట్టాక తాళం వెయ్యడం ఆలస్యమవుతుందని ఆయన జవాబిచ్చారు.

పందొమ్మిదోది కిందటి వారమే వచ్చింది. డబ్బు దాచే గదులకు పెట్టే రకం. తలుపు మూస్తే దానంతటదే పడుతుంది. లోపలి నుంచైనా బయటి నుంచైనా తాళంచెవి లేనిదే తెరుచుకోదు. మాస్టారు దాన్ని తన చేత్తోనే చిన్న గది తలుపుకు బిగించారు. దాంతోపాటు మూడు తాళంచెవులు వచ్చాయి. మూడింటినీ ఒకేచోట ఉంచడం ముందుచూపున్నవాళ్లు చేసే పని కాదు కాబట్టి, ఒకటి బ్యాంకు లాకర్లో పెట్టారు, ఒకటి పక్క ఊళ్లో ఉన్న బావమరిదికి పంపారు, మూడోది ప్యాంటు జేబులో వేసుకున్నారు.

ఇక భార్య సంగతి. ఆవిడ ఇంటి దగ్గరే బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఉన్నది కాలితో తొక్కే మిషను. మోటారుతో నడిచే మిషను కొనమని ఆవిడ మొదటిసారి అడిగి పదకొండేళ్లయింది. "వచ్చే ఏడు డివిడెండు రాగానే కొందాం" అన్నారు మాస్టారు. వచ్చే ఏడు వచ్చేది, డివిడెండూ వచ్చేది, షేర్లు పెరిగేవి. నాలుగేళ్ల తర్వాత ఆవిడ అడగడం మానేసి మోకాళ్లకు నూనె రాసుకోవడం మొదలుపెట్టింది. ఈ ఏడు డాక్టరు ఇక తొక్కుడు పనికిరాదని తేల్చి చెప్పాడు. అప్పుడు మాస్టారికి నిజంగానే సిగ్గేసింది. "ఈసారి డివిడెండుతో మిషను కొనకపోతే నా పేరు మార్చుకుంటాను" అని ఆవిడకు మాటిచ్చారు.

మాటిచ్చిన అయిదు వారాలకు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. కొత్త కర్మాగారం కట్టాలనుకుంటున్నామనీ, వాటాదారులు ఒప్పుకుంటే ఈ ఏడు డివిడెండు ఇవ్వకుండా ఆ సొమ్మంతా అందులో పెడతామనీ. మాస్టారు ఆ కాగితాన్ని పాత పేపర్ల పెట్టెలో పడేసి తాళం వేశారు. భార్యకు చెప్పలేదు. సమావేశంలో మాట్లాడతానని పేరిచ్చుకున్నారు. పదిహేడో నంబరు వచ్చింది. రెండు కాగితాల ప్రసంగం రాసి, స్నానాల గదిలో నాలుగు రోజులు సాధన చేశారు.

పదకొండుకు అయిదు నిమిషాలుండగా ఆయన ఫోను పట్టుకుని చిన్న గదిలోకి వెళ్లారు. అవతల కుట్టు మిషను టకటకలాడుతోంది కాబట్టి తలుపు దగ్గరగా వేశారు. తాళం టక్కున పడింది. మంచి తాళం పడే చప్పుడు ఆయనకు సంగీతంతో సమానం. ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఆనందించారు. కళ్లు తెరిచాక ప్రసంగం కాగితాలు భోజనాల బల్లమీదే ఉండిపోయాయని గుర్తొచ్చింది. జేబులో చెయ్యి పెట్టారు. అది ఇస్త్రీ ప్యాంటు. అందులో రుమాలు తప్ప మరేమీ లేదు.

"ఇదిగో, వినిపిస్తోందా?" అన్నారు తలుపు దగ్గరికి వచ్చి.

మూడుసార్లు పిలిచాక మిషను ఆగింది. "ఏంటండీ?"

"బల్లమీద రెండు కాగితాలున్నాయి. తలుపు కిందనుంచి తొయ్యి."

"తలుపు తీసి తీసుకోవచ్చుగా."

"తీయాలంటే తాళంచెవి కావాలి. అది నా పాత ప్యాంటు జేబులో ఉంది. దాన్నీ తొయ్యి."

"లోపల ఇరుక్కుపోయారా?"

"ఇరుక్కోలేదు. తాళం పడింది."

"ప్యాంటు వాషింగ్ మెషీన్లో వేసేశానండీ. జేబులు చూసే వేశాను. వాటిలో ఏమీ లేదు."

జేబులు చూడకుండా ఆవిడ ఎప్పుడూ బట్టలు ఉతకదని మాస్టారికి తెలుసు. కాబట్టి తాళంచెవి ఎక్కడో పడిపోయిందన్నమాట. అయినా ఆయన కంగారుపడలేదు. ఎలాగూ గంటసేపు ఈ గదిలోనే ఉండాలి. "సరే, ముందు కాగితాలు ఇవ్వు" అన్నారు.

కాగితాలు రాలేదు. ఫోనులో సమావేశం మొదలైంది. చైర్మన్ అందరికీ నమస్కారం పెట్టాడు.

"ఇదిగో, కాగితాలు?"

"చదువుతున్నానండీ."

మొదటి కాగితం మూడో పేరాలోనే ఉంది అంతా. ఈ ఏడు డివిడెండు లేకపోతే తాను భార్యకిచ్చిన మాట ఏమవుతుందో, ఆవిడ మోకాళ్ల పరిస్థితి ఏమిటో, కంపెనీ పెద్దల మనసు కరగాలని వివరంగా రాశారు. కాసేపటికి కాగితాలు ఒకదాని వెనక ఒకటి తలుపు కిందనుంచి వచ్చాయి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ కోపంగా అరిచినప్పుడు ఆయనకెప్పుడూ భయం వెయ్యలేదు. ఇప్పుడు వేసింది.

ఆవిడకు కోపం ఉన్నమాట నిజమే కాని, అంతకన్నా ముందు వేరే దిగులు పట్టుకుంది. ఆ గదికి కిటికీ లేదు. మనిషికి ఊపిరాడుతుందో లేదో. పై వాటాలో ఉండే రిటైర్డు క్యాషియరును పిలిచింది. ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్లు తప్ప దేన్నీ నమ్మని మనిషి. మాస్టారి చార్టు చూపించినప్పుడల్లా ఆవులించేవాడు.

"మాస్టారూ, ఎలా ఉన్నారు?" అన్నాడు తలుపు మీద కొట్టి.

"బాగున్నాను. సమావేశంలో ఉన్నాను. చప్పుడు చెయ్యకండి."

"డిపాజిట్లో పెట్టుకుంటే మనిషిని ఇలా గదిలో పెట్టి తాళం వెయ్యరండీ" అని క్యాషియరు జాలిగా అని, వీధి చివర వడ్రంగికి ఫోను చేశాడు.

ఈలోగా ఫోనులో మాస్టారికి మంచి రోజులు నడుస్తున్నాయి. ఒకటో నంబరు నుంచి మాట్లాడినవాళ్లంతా డివిడెండు ఎగ్గొడతామన్నందుకు కంపెనీని ఉతికి ఆరేస్తున్నారు. ఒక పెద్దావిడ తన మందుల ఖర్చంతా ఈ డివిడెండేనని చెప్పింది. ఒక రిటైర్డు నర్సు కర్మాగారం మీకు, ఎదురుచూపులు మాకా అని నిలదీసింది. పన్నెండో నంబరు వచ్చేసరికి చైర్మన్ చేతిరుమాలు తీసి మెడ తుడుచుకోవడం కనబడింది. ఇంకో అయిదుగురు ఇలాగే మాట్లాడితే ఓటింగులో కర్మాగారం గంగలో కలిసినట్టేనని మాస్టారికి అర్థమైంది. తన ప్రసంగంలో కాస్త కటువైన మాటలు రెండు పెన్సిలుతో చేర్చారు.

వడ్రంగి వచ్చాడు. తాళాన్ని చూసి, "పది నిమిషాల పని" అన్నాడు.

"తాళం పాడుచెయ్యకు బాబూ, కొత్తది" అన్నారు మాస్టారు లోపలినుంచి.

"పాడుచెయ్యకుండా ఎలా తీస్తానండీ?"

వడ్రంగి ముందు సన్నని ఇనప ఊచతో కెలికాడు. తర్వాత ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. తర్వాత తలుపునే కొంత చెక్కేద్దామని చూస్తే తాళం తాలూకు ఇనుపపట్టీ చౌకట్టులోకి జానెడు దిగి ఉంది. డ్రిల్లు తెచ్చాడు. పావుగంట గడిచింది. వడ్రంగి చొక్కా తడిసిపోయింది. అవతల వాషింగ్ మెషీన్లో ఏదో టక్‌టక్ మని కొట్టుకుంటోందని క్యాషియరు అన్నాడు. పాతదైపోయిందండీ, అన్నీ అరుగుతున్నాయి అంది మాస్టారి భార్య, మాస్టారికి వినబడేలా.

సరిగ్గా అప్పుడే ఫోనులోంచి సమావేశం నడిపించే అమ్మాయి, "స్పీకరు నంబరు పదిహేడు, మాట్లాడండి. మీకు మూడు నిమిషాలు" అంది. మాస్టారి మైకు తెరుచుకుంది.

"చైర్మన్ గారికి నమస్కారం. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ కంపెనీ వాటాదారుణ్ణి" అని మాస్టారు మొదలుపెట్టారు. వెనకాల డ్రిల్లు ఊళ వేసింది.

"క్షమించండి, ఏమిటా శబ్దం?" అన్నాడు చైర్మన్.

"ఏం లేదండీ. మా ఇంట్లో చిన్న పని జరుగుతోంది. నేను చెప్పేదేమిటంటే, దీర్ఘకాలం నమ్ముకున్న వాటాదారుడికి స్థిరమైన ఆదాయం..."

డ్రిల్లు పుల్ల పుటుక్కున విరిగింది. వడ్రంగి గొంతు స్పష్టంగా, రెండు వేలమంది వాటాదారులకు వినబడేలా పలికింది. "ఇది మూడో పుల్లండీ. ఈ తాళం ఎవడు చేశాడో గాని వాడికి దండం పెట్టాలి. ఇరవయ్యేళ్లుగా తాళాలు పగలగొడుతున్నాను, ఇలాంటి మొండిదాన్ని చూళ్లేదు."

చైర్మన్ ముందుకు వంగాడు. "ఆయన ఏ తాళం గురించి అంటున్నారు?"

మాస్టారు ఒక అబద్ధం ఆడేస్తే సరిపోయేది. కాని సొంత కంపెనీని ఒక పరాయి మనిషి మెచ్చుకుంటుంటే ఏ వాటాదారుడు ఊరుకోగలడు. "మనదేనండీ. రెండు వైపులా తాళంచెవి ఉండే కొత్త మోడలు" అన్నారు. అనకుండా ఉండలేకపోయారు.

"ఎంతసేపటినుంచి ప్రయత్నిస్తున్నారు?"

"ఇరవై నిమిషాలు కావస్తోందండీ. కాని అది కాదు విషయం. నా భార్యకు నేను ఒక మాట..."

"మీరు ఎక్కడున్నారు?"

"లోపలండీ."

తెరమీద వాటాదారుల ముఖాలన్నీ ఒక్కసారి దగ్గరకొచ్చాయి. పక్కన చప్పట్ల బొమ్మలు బిలబిలమంటూ పైకి లేచాయి. మందుల ఖర్చు పెద్దావిడ కూడా ఒక చప్పట్ల బొమ్మ పెట్టింది. వడ్రంగి సుత్తి తీసుకుని చివరి ప్రయత్నంగా నాలుగు దెబ్బలు వేశాడు. తలుపు ఊగింది, గోడమీది చార్టు ఊడి మాస్టారి భుజం మీద పడింది. తాళం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"మీ సమయం అయిపోయింది. ధన్యవాదాలు" అంది నడిపించే అమ్మాయి. మైకు మూసుకుంది. ప్రసంగంలో రెండు వాక్యాలు కూడా పూర్తికాలేదు.

చైర్మన్ రుమాలు జేబులో పెట్టేసుకుని లేచి నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు మీరంతా విన్నారు. ఈ మోడలు మనం నెలకు మూడు వందలకు మించి చెయ్యలేకపోతున్నాం. స్థలం లేదు. కొత్త కర్మాగారం ఎందుకని అడిగారు కదా. పదిహేడో నంబరు వాటాదారు గారు, తన ఇంట్లో, తానే లోపల కూర్చుని మనకు జవాబు చెప్పారు. నేను ఇన్నేళ్లలో ఇంతటి నిబద్ధత చూడలేదు."

ఆ తర్వాత మాట్లాడాల్సిన తొమ్మిదిమందిలో ఆరుగురు తాము చెప్పేదేమీ లేదన్నారు. ఓటింగు జరిగింది. ఈ ఏడు డివిడెండు లేదు. నూటికి ఎనభై తొమ్మిది మంది సరేనన్నారు.

మాస్టారు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. పద్దెనిమిదేళ్లుగా ఏటా వస్తున్న డివిడెండును, ఏ దొంగా రాకుండానే, తన నోటితో తానే ఆపించుకున్నారు. బయట వడ్రంగి పెద్ద గునపం తెస్తానని వెళ్లిపోయాడు. గునపం ఎలా ఉంటుందో చూడాలని క్యాషియరు కూడా వెంట వెళ్లాడు. వాషింగ్ మెషీను పని అయిపోయినట్టు కూత పెట్టింది. దాని తలుపు తెరుచుకున్న చప్పుడు, బట్టలు బకెట్లో పడిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకు అవతల ఎవరో కూర్చున్నారు.

"ఏమండీ."

"ఊఁ."

"తాళంచెవి దొరికింది. ప్యాంటు జేబుకు చిల్లుంది. చిల్లులోంచి కాలి మడతలోకి జారింది."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "తియ్యి మరి."

"తీస్తాను. మీ మీటింగు నాకూ వినబడింది. డివిడెండు రాదటగా."

"నిజంగానే కొందామనుకున్నానే" అన్నారు. ఆ మాట ఆయనకే చాలా చిన్నగా వినబడింది.

"అనుకున్నారని తెలుసండీ. కాగితంలో చదివాను. నా మోకాళ్ల గురించి రెండు వేలమందికి చెప్పాలనుకున్నారు, నాకు మాత్రం డివిడెండు సంగతి చెప్పలేదు." కుర్చీ తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. "షేర్లు అమ్మండి."

"ఏమిటీ?"

"మిషనుకు సరిపడా. ఫోను మీ చేతిలోనే ఉందిగా. అమ్మాక తాళం తీస్తాను."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "అమ్మకూడదే. అమ్మితే వచ్చే ఏడు డివిడెండు తగ్గిపోతుంది. ఆ పై ఏడు ఇంకా తగ్గుతుంది. దీర్ఘకాలం అంటే ఓపిక పట్టాలి. ముందు తలుపు తియ్యి, కూర్చుని మాట్లాడుకుందాం. గంటన్నర అయింది, ఉక్కపోసిపోతోంది ఇక్కడ."

"మీకు గంటన్నర అయింది" అంది ఆవిడ. "నాకు పదకొండేళ్లు."

ఆ మాట అరుస్తూ అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. మాస్టారు కిందపడిన చార్టు వంక చూశారు. ఒక్కో ఏడు ఒక్కో రంగు. ఆకుపచ్చ ఏడాది ఆవిడ మొదటిసారి అడిగింది. నారింజ రంగు ఏడాది మానేసింది. ఇన్నేళ్లూ ఆ చార్టును వందమందికి చూపించారు గాని అందులో ఈ సంగతి కూడా ఉందని ఆయనకు ఈ రోజే కనబడింది.

ఫోను తీశారు. సమావేశం ముగిసిన ఇరవై నిమిషాల్లో షేరు ధర నూటికి తొమ్మిది పెరిగి ఉంది. అమ్మే చోటు ఎక్కడుందో వెతుక్కోవడానికే అయిదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే ఆ మీట ఆయన ఎన్నడూ నొక్కలేదు. ముప్పై రెండు షేర్లు అని కొట్టారు. నొక్కారు. రెండు క్షణాల్లో అమ్ముడైపోయాయి. ఆకాశం ఊడిపడలేదు.

"అయిపోయింది" అన్నారు.

తాళం టక్కున తెరుచుకుంది. ఆవిడ మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. నీళ్లు ఇచ్చి, ఆయన గుక్కతిప్పుకోకుండా తాగుతుంటే భుజంమీది సున్నం దులిపింది.

గునపం మోసుకొచ్చిన వడ్రంగి తెరిచి ఉన్న తలుపును చూసి నొచ్చుకున్నాడు. విరిగిన మూడు పుల్లలకు డబ్బు తీసుకున్నాడు గాని కూలి వద్దన్నాడు. అంతటి తాళం ముందు ఓడిపోవడంలో తప్పులేదట. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఆ కంపెనీ షేర్లు నాలాంటివాడు కూడా కొనొచ్చా మాస్టారూ?" అని అడిగాడు. క్యాషియరు గొంతు సవరించుకుని, వచ్చే నెల తనదొక డిపాజిట్టు గడువు తీరుతోందనీ, ఊరికే తెలుసుకుందామని మాత్రమే అడుగుతున్నాననీ అన్నాడు.

కుట్టు మిషను ఆ వారాంతంలోనే వచ్చింది. ఆవిడ దాని ముందు కూర్చుని, కాలు కదపకుండా, మొదటి రోజే పదిహేడు యూనిఫారాలు కుట్టింది. సాయంత్రం కాఫీ తాగుతూ మిషను మీద అచ్చువేసిన కంపెనీ పేరును వేలితో రుద్ది చూసింది.

"ఏమండీ, మిగిలిన తాళాల షేర్లు కూడా అమ్మేసి ఈ మిషను కంపెనీవి కొంటే? వీళ్లు డివిడెండు ఇస్తారా?"

ఇస్తారు. పాతికేళ్లుగా ఒక్క ఏడు కూడా మానలేదు. తాళాల కంపెనీ ఇచ్చేదానికి అది రెట్టింపు.

తనకు తెలియదన్నారు మాస్టారు. షేర్ల విషయంలో ఆయన ఏదైనా తెలియదనడం అదే మొదటిసారి, అదీ అబద్ధం.